ఆయన చేతి ముద్ద

తిన్నారు కదరా అందరూ. పెద్దపంజాణి నుంచి వచ్చినోళ్ళు తిన్నారు, రామకుప్పం నుంచి వచ్చినోళ్ళు తిన్నారు, తిన్నది చాలక ఇంట్లోవాళ్ళకని పొట్లం కట్టించుకుని పోయినోళ్ళు కూడా ఉండారు. భీమరావూ, నువ్వయితే నీకు పెండ్లికాక ముందునుంచీ తింటాండావు. ఒక్కనాడన్నా మీలో ఒక్కడన్నా వంటింటి గడప దాటి, లోపల ఏం జరుగుతాందో తొంగి సూసినాడా? తిన్న నోళ్ళతోనే అబద్ధాలు చెప్తాండారు. సిగ్గుండాదా మీకు?

ఈ మాటలన్నీ విమల గొంతులోనే ఉన్నాయి. పైకి మాత్రం ఆమె తెల్లచీర కట్టుకుని, షామియానా కింద మొదటి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో తలవంచుకుని కూర్చుంది. చూసేవాళ్ళకు దుఃఖంలో ఉన్నట్టే కనిపించింది. భర్త పోయిన ఆడది తలవంచుకుంటే ఎవరైనా దుఃఖమనే అనుకుంటారు. ఇంకేమన్నా అయ్యుండొచ్చని ఎవరికి తడుతుంది?

మదనపల్లెలో ఆ వీధి వీధంతా ఆ పొద్దు కృపానందం కోసం వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరై, ఎనభై దాటాక పోయిన నెల నిద్రలోనే కన్నుమూసిన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటి ముందే జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. టేబుల్ మీద పూలదండ వేసిన ఫోటో. ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు. బతికినంత కాలం నవ్వుతూనే ఉన్నాడు. కోపం తెలియని మనిషి అని ఊరంతా చెప్పుకుంటుంది. నిజమే, ఆయనకు కోపం వచ్చే అవసరం ఎప్పుడొచ్చింది గనక?

మైకు దగ్గర సాక్ష్యాలు సాగుతున్నాయి. రామకుప్పం నుంచి వచ్చిన ఒక ముసలాయన ఏడుస్తూ చెప్పాడు. ఏనుగులు రాగిచేను తొక్కేసిన ఏడాది, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి వస్తే, కృపానందం సారు మందిచ్చి, ఇంటికి తీసుకొచ్చి, సొంత చేత్తో సంగటి చేసి పెట్టాడట. ఆ ముద్ద రుచి ఇప్పటికీ నాలుక మీద ఉందట. జనం కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు ఆమెన్ అన్నారు.

విమలకు ఆ రోజు బాగా గుర్తుంది. గర్భసంచి తీసేసి ఇంటికి పంపిన వారమది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వంగితే పొట్టలో దబ్బనంతో పొడిచినట్టుండేది. కృపానందం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఎంతో ప్రేమగా, "పిండి కొంచెం తక్కువే పొయ్ విమలా, నీకు బరువు గాకుండా" అన్నాడు. అంతే ప్రేమగా ముద్దలు లెక్క చూసుకుని వచ్చినవాళ్ళకు పెట్టాడు. పిండి తక్కువైంది కదా, ఆమెకు గుండిగ అడుగున అంటుకున్న మాడు మిగిలింది. చెంచాతో గీరుకుని తింది. ఇంట్లో జనం ఉన్న ప్రతి పూటా ఆమె తిన్నది అదే. మాడు తినీ తినీ ఆమె సంగటి అసలు రుచేదో మర్చిపోయింది.

సంగటి తిన్నవాళ్ళు సంగటి గురించి బాగా మాట్లాడతారు. కెలికేవాళ్ళను అడగాలి అదేంటో. ఎసట్లో బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, ఆవిరికి మగ్గనిచ్చి, ఆ తర్వాత కట్టె తెడ్డుతో మొదలుపెడితే ఇక ఆపడానికి లేదు. ఆపితే ఉండలు కడుతుంది, అడుగు మాడుతుంది. ఇరవై మందికి వండే గుండిగంటే, అది కదలకుండా కట్టెలు ఆనించి, వాటిని పాదాలతో అదిమి పట్టుకుని, నడుము విరిగేలా వంగి, రెండు చేతులతో తిప్పాలి. పొగ కళ్ళల్లోకి, ఆవిరి మొహంలోకి. భుజం కీలు ఊడొచ్చిందా అనిపించేది. అంతా అయ్యాక కృపానందం వచ్చేవాడు. చేతులు శుభ్రంగా సబ్బుతో కడుక్కుని, అరచెయ్యి నీళ్ళలో ముంచి, వేడివేడి సంగటిని ముద్దలు చేసి, పంక్తిలో ఒక్కొక్కరి కంచంలో పెట్టేవాడు. "తినప్పా, ఇంకొంచెం తిను" అనేవాడు. జనం చూసింది ఆ చెయ్యిని. మెత్తటి చెయ్యి, మందుల వాసన వేసే చెయ్యి. ముద్ద చేసిన చెయ్యే వండిన చెయ్యి అనుకున్నారు. ఆయన కాదని ఎప్పుడూ చెప్పలేదు. అలాగని అవుననీ అనలేదు. నవ్వేవాడు.

ఆయన ఏదీ వద్దనేవాడు కాడు. అదే ఆయన గొప్ప. విమల పెండ్లికి ముందే నర్సు ట్రైనింగ్ అయింది. పెండ్లయిన రెండో ఏడు కుప్పంలో ఉద్యోగం వచ్చింది. వారానికొకసారి వచ్చిపోవచ్చు. "పోయి చేరు విమలా, దేవుడిచ్చిన అవకాశం" అన్నాడు. చేరాల్సిన రోజు పొద్దున్నే పుంగనూరు నుంచి వచ్చిన పెండ్లివాళ్ళను భోజనానికి పిలుచుకొచ్చాడు. ఈ ఒక్కపూట పెట్టేసి మధ్యాహ్నం బస్సుకు పొమ్మన్నాడు. మధ్యాహ్నం బస్సులోంచి ఇంకో కుటుంబం దిగింది. కుప్పం అలా దాటిపోయింది. తర్వాత ఒకసారి, చేతులు బొబ్బలెక్కి ఆమె ఏడిస్తే, ఆయన తల నిమిరి, "నువ్వు చేసేదేముంది విమలా, దేవుడు చేయిస్తాండాడు" అన్నాడు. ఆ మాటకు ఆమె ఏడుపు ఆగిపోయింది. ఆయన ఓదార్చాననుకున్నాడు. ఆమె చేసిన పని కూడా ఆమెది కాకుండా పోయిందని అప్పుడే తెలిసింది ఆమెకు. కొట్టే మొగుడైతే కనీసం కొట్టాడని చెప్పుకోవచ్చు. ఈ మనిషి మీద ఎవరికి ఏమని చెప్పాలి? చెప్తే ఎవరు నమ్ముతారు?

ఇంటి వెనక నుంచి పొగ వస్తోంది. పెరట్లో కోడలు మెర్సీ ఒక్కతే గుండిగ ముందు ఉంది. జ్ఞాపకార్థ భోజనంలో ఆయనకిష్టమైన సంగటే ఉండాలని కొడుకు జోయెల్ పట్టుపట్టాడు. కూరలు మాత్రం వంటవాళ్ళు చేసి తెచ్చారు. సంగటి ఇంట్లోనే చెయ్యాలట, "నాయిన చేసినట్టే" అన్నాడు. విమల భుజం ఇప్పుడు పైకి లేవదు. అందుకని మెర్సీ.

మెర్సీ ఒక బడిలో లెక్కల టీచరు. పొద్దున ఆరాధనకు బయల్దేరే ముందు ఇద్దరూ తెడ్డు కోసం వెతికారు. ఇన్నేండ్లూ అటక మీదే ఉండే తెడ్డు కనిపించలేదు. మెర్సీ వెతుకుతూనే, తల తిప్పకుండా చెప్పింది. "అత్తా, ఈయన నన్ను బడి మానుకోమంటాండాడు. మామయ్య పేరు మీద ప్రతి నెలా మొదటి ఆదివారం అందరికీ భోజనం పెట్టాలంట. మామూలు రోజుల్లో ఆసుపత్రికి వచ్చినోళ్ళకు కూడా పెట్టాలంట, దానికి ఒకరు ఇంట్లో ఉండాలంట. నాకిష్టం లేదత్తా. నువ్వు చెప్తే వింటాడేమో." విమల జవాబు చెప్పేలోపే పక్క వీధి ఖైరున్నీసా తన తెడ్డు పట్టుకుని వచ్చింది. "ఇదో అక్కా, మా బిర్యానీ తెడ్డు. సంగటి కెలికితే ఇరిగినా ఇరుగుతాది, మీ సారును తల్సుకుని ఓర్సుకుంటాలే" అని నవ్వింది. మాట అక్కడ ఆగిపోయింది. మెర్సీ మళ్ళీ అడగలేదు. కానీ తెడ్డు అందుకుంటూ అత్త వైపు ఒకసారి చూసింది, ఆ చూపు పొద్దున్నుంచీ విమల వీపుకు అంటుకునే ఉంది.

ఇప్పుడు సంఘపెద్ద భీమరావు మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకుని, కృపానందం గారి చేతి ముద్ద ఆగిపోకూడదని సంఘం, కుటుంబం కలిసి తీర్మానించామన్నాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం, చర్చిలో ప్రభు సంస్కారానికి పల్లెల నుంచి వచ్చే విశ్వాసులందరికీ ఈ ఇంట్లోనే ప్రేమ విందు ఉంటుందట, దానికి కృపానందం గారి పేరట. జనం చప్పట్లు కొట్టారు. తీర్మానించారట. ఏ పొయ్యి మీద, ఎవరి చేత్తో అని ఎవడన్నా అడిగాడా?

తర్వాత జోయెల్ లేచాడు. పుంగనూరులో హెడ్‌మాస్టరు. తండ్రి నవ్వే వాడిదీ. తెల్లగుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువేదో రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. గుడ్డ విప్పాడు. తెడ్డు. నూనె పూసి, మల్లెదండ చుట్టిన తెడ్డు.

"ఇది మా నాయిన చేతిలో తిరిగిన తెడ్డు" అన్నాడు. "ఈ పొద్దు నుంచి మా ఇంటి కోడలు దీన్ని అందుకుంటాది. మెర్సీ తన ఉద్యోగం మానుకుని మా నాయిన సేవ కొనసాగిస్తాదని సంతోషంగా తెలియజేస్తాండాను. మెర్సీ, ఇట్లా రామ్మా."

పెరట్లో చప్పుడు ఆగింది. కాసేపటికి మెర్సీ వచ్చింది. మోచేతుల దాకా రాగిపిండి, నుదుటి మీద మసి. చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. గబగబా కొంగు తల మీదికి లాక్కుంది. ఏమన్నారో పెరట్లోంచే వినుంటుంది. అంతమంది ముందు కాదనడం ఎలాగో తెలియక నిలబడింది. పాస్టరు గారు ప్రార్థన చెయ్యడానికి చెయ్యెత్తారు. ఫోన్లు వీడియో తీస్తున్నాయి.

విమల కళ్ళు తెడ్డు మీదే ఉన్నాయి. పట్టుకునే చోట బొటనవేలు ఆని ఆని పడిన గుంట, మల్లెదండ కింద నుంచి కూడా కనిపిస్తోంది. ఆ గుంట ఆమె వేలిది. ఆమె కొలత. ఇంకెవరి వేలికీ పట్టదు అది. మెర్సీ ఇప్పుడు దాన్ని పట్టుకుంటే, తన వేలు ఆ గుంటలోకి సరిపడేదాకా తిప్పుతూనే ఉంటుంది. ఆ తర్వాత జోయెల్ ఫోటోకు కూడా దండ వేసి, చేతి ముద్ద గురించి చెప్పుకుంటారు.

మెర్సీ చేతులు చాచేలోపు విమల లేచింది. నాలుగడుగులు వేసి తెడ్డు తను తీసుకుంది. దండ పీకి కింద పడేసింది.

"జోయెలూ, మీ నాయిన ఈ తెడ్డు పట్టుకోంగా నువ్వెప్పుడన్నా సూసినావా?"

జోయెల్ నవ్వు చెదిరింది. కూర్చోమ్మా, తర్వాత మాట్లాడదాం అని గొణిగాడు.

"సూసినావా అంటాండా."

మైకు దగ్గరే ఉంది. అందరికీ వినిపించింది. జోయెల్ తల దించుకుని, "ముద్ద చేసేది సూసినా" అన్నాడు.

"అంతే. ఈడుండే వాళ్ళందరూ అంతే సూసినారు."

భీమరావు దగ్గరికొచ్చి భుజం పట్టుకోబోయాడు. నొప్పి ఉన్న భుజమే. అమ్మా, దుఃఖంలో ఉండారు, కూర్చోండి అన్నాడు. ఆమె ఆ చెయ్యిని తీసి పక్కకు పెట్టింది.

"దుఃఖం కాదు భీమరావూ. అసహ్యం."

ఎక్కడో ఒక ఫోను కిందికి దిగింది. అప్పుడు పెరట్లోంచి వాసన వచ్చింది. మాడు వాసన. ఆ వాసన జనంలో ఎంతమందికి తెలుసో గానీ విమలకు పుట్టినప్పటినుంచీ తెలిసినట్టే ఉంటుంది. మెర్సీ ఉలిక్కిపడి వెనక్కి తిరగబోయింది. విమల ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, తన కుర్చీలో, మొదటి వరసలో, ఫోటోకు ఎదురుగా కూర్చోబెట్టింది. తెడ్డు తీసుకెళ్ళి కొడుకు చేతిలో పెట్టింది.

"పిండి పోసినాక కెలికేది ఆపగూడదు. మీరు పిలిస్తే ఆపేసి వచ్చింది ఆ బిడ్డ. ఆడ అడుగంటతాండాది. పో జోయెలూ, చొక్కా చేతులు మడుచుకుని పో. భీమరావూ, నువ్వు గుండిగ పట్టుకో, కదిలితే కాలు కాలతాది, బద్రం. పాస్టరయ్యా, మీరు కట్టెలు ఎగదొయ్యండి. మాడింది మాడినట్టే మీరే తినాల. మెర్సీ రేపు బడికి పోతాది, ఎల్లుండీ పోతాది. ఈ ఇంట్లో ఎవురి పేరన్నా చెప్పి ఎవురికన్నా పెట్టాలంటే పెట్టండి, పెట్టేవాళ్ళే కెలకండి. యాల నిలబడినారు? ప్రార్థన తర్వాత చేసుకుందురు, ముద్దలు తర్వాత చేసుకుందురు. ముందు పోయి కెలకండి."