నాలుగు తొక్కుడు చెక్కలు

ధర్మవరంలో ఇప్పుడు నాకు మగ్గాలు విప్పే పని ఎక్కువ, బిగించే పని తక్కువ. ముప్పై ఏళ్ళు వీధి వీధీ తిరిగి బిగించిన మగ్గాలనే ఇప్పుడు పిలిచినవాళ్ళ ఇళ్ళకు పోయి విప్పి, కొయ్య ఒక పక్క, ఇనుము ఒక పక్క వేసి, వాళ్ళు వద్దన్న కొయ్య నా షెడ్డుకు తెచ్చుకుంటున్నాను. ఆరో తరగతిలో బడి మాన్పించి ఈ పనిలో పెట్టినప్పుడు మా నాయన, పట్టుచీర కట్టే ఆడమనిషి ఉన్నంత కాలం నీకు అన్నానికి లోటు లేదన్నాడు. చీరలు కట్టేవాళ్ళు ఉన్నారు. ఆ చీరలు మరమగ్గాల మీద వస్తున్నాయి, అంతే. ఈ సంగతి చెబుదామంటే ఆయన లేడు.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నా షెడ్డు ముందు తెల్ల కారు ఆగింది. నడుపుతున్న అమ్మాయి దిగి, తన పేరు పావని అనీ హిందూపురం నుంచి వస్తున్నామనీ చెప్పింది. వెనక సీట్లోంచి ఇంకో అమ్మాయి నిదానంగా దిగింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. నడక కొంచెం తూలుతోంది గానీ ఎవరి సాయమూ అడగలేదు. చేతులు రెండూ చున్నీ కింద ఉన్నాయి.

"గోవిందప్ప అంటే నువ్వేనా అన్నా? కాళ్ళతో తొక్కే సామాను ఒగటి చేయించుకోవల్ల," అంది పావని. "ఈయమ్మి సుచిత్ర. యాక్టర్ వీరేష్ ఉండాడు గదా, ఆయప్ప కూతురు."

వీరేష్ తెలియనివాళ్ళు మా జిల్లాలో లేరు. పెనుకొండ మనిషి. ఇరవై ఏళ్ళ కిందట ఒక సినిమాలో చెయ్యి వంకరపోయినవాడి వేషం వేశాడు. ఆ చెయ్యి ఛాతీ మీదికి మడిచి, వేళ్ళు వణికిస్తూ నడుస్తుంటే హాలంతా పడీపడీ నవ్వింది. నేను మూడుసార్లు చూశాను. తర్వాత ఆయన ఎన్ని పెద్ద వేషాలు వేసినా జనానికి ఆ చెయ్యే గుర్తు. ఎక్కడ ఆయన మాట వచ్చినా ఎవరో ఒకరు చెయ్యి మడిచి వణికించి చూపిస్తారు.

నేనూ చూపించాను. అంత పేరున్న మనిషి బిడ్డ మన షెడ్డుకు వచ్చింది, సంతోషపడుతుందనుకున్నాను. చెయ్యి మడిచి, వేళ్ళు వణికించి, నవ్వాను.

ఆ అమ్మాయి చున్నీ పక్కకు తోసింది. ఆమె కుడిచెయ్యి ఛాతీ మీదికి మడిచి ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. పుట్టుకతో వచ్చినది.

నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు.

"బాగ రాలేదన్నా," అంది సుచిత్ర. మాట కొంచెం సాగుతుంది గానీ ప్రతి అక్షరం వినపడుతుంది. "మా నాయన మణికట్టు ఇంగా లోపలికి వంచుతాడు. చిన్నప్పట్నుంచి చూస్తాండా. నువ్వు ఫెయిలు."

"తప్పయిపోయిందమ్మా."

"అందరూ చేస్తారు. బడిలో సార్లే చేసినారు. అది వదిలెయ్. మా నాయన పేరు చెప్పింది ఈ పావని నోటి తీట. పని నాది. ఎట్లుండల్లో చెప్పేది నేను, దుడ్లిచ్చేది నేను. చేస్తావా?"

చేస్తానన్నాను. కాదనే ముఖం నాకు లేదు.

ఆమె చేసే ఉద్యోగం ఏమిటో అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. కంప్యూటర్లో ఆటలు ఆడుతుంది. ఆడుతూ వీడియోలు పెడుతుంది. ఆటలు తయారుచేసే కంపెనీలు వాటిని బయటికి వదిలే ముందు ఈమెకు పంపుతాయి. చేతులు సరిగా లేనివాళ్ళు, చూపు తక్కువైనవాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు దాన్ని ఆడగలరా లేదా అని పరీక్ష చేసి, ఎక్కడెక్కడ తప్పుందో ఈమె రాసి పంపుతుంది. తప్పులు చెప్పినందుకు జీతం. నేనూ బతుకంతా ఎదుటివాళ్ళ తప్పులు చెబుతూనే ఉన్నాను. తిట్లు తప్ప ఏమీ రాలేదు.

ఆమె దగ్గర విదేశాల నుంచి తెప్పించిన పెడల్ ఒకటి ఉంది. ఆమె ఎక్కువగా ఆడేది రెండు బొమ్మలు కొట్టుకునే ఆట. పాదం ఆనిస్తే చాలు, తెర మీద బొమ్మ దెబ్బ కొట్టేస్తుంది. అదే దాని గొప్పట. ఆమె కాళ్ళకూ కొంచెం వణుకుంది. తను కొట్టాలనుకోకముందే దెబ్బ పడిపోతోంది.

"మా అమ్మమ్మ ఈ ఊర్లోనే మగ్గం నేసేది," అంది సుచిత్ర. "డెబ్బై ఏళ్ళప్పుడు ఆయమ్మ కాళ్ళు వణికేవి. అయినా నేత తప్పు పోయేది కాదు. ఏమిటికన్నా?"

"మగ్గం కింద కాళ్ళతో తొక్కే చెక్క బరువమ్మా. వణుకుకు దిగదు. మనిషి తొక్కితేనే దిగుతాది."

"అదే కావల్ల నాకు."

ఇన్నేళ్ళ పనిలో నన్ను అంత సరైన ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

విప్పి తెచ్చిన మగ్గాల కొయ్యలోంచి నాలుగు తొక్కుడు చెక్కలు ఏరాను. కూర్చుంటే పాదాల కిందికి వచ్చేటట్టు చట్రం చేసి, చెక్కలను పైనుంచి తాళ్ళతో వేలాడదీశాను. చెక్క దిగితే తాడు లాగుతుంది, తాడు లాగితే పైనున్న స్విచ్చి పడుతుంది. ఒక చెక్కకు గుద్దు, ఒకదానికి తన్ను, ఒకదానికి ఎగురు, ఒకదానికి అడ్డం. బొమ్మను ముందుకూ వెనక్కూ నడిపే పుల్లను ఆమె మోచేత్తో తోస్తుంది. స్విచ్చుల పనంతా పావనిది. తాడు దగ్గర మా ఇద్దరికీ తగువు పడింది.

"ఇనుప వైరు ఏద్దామన్నా. సాగదు," అంది పావని.

"వైరుకు ప్రాణముండదమ్మా. తొక్కితే కాలికి ఏమీ చెప్పదు. నూలుతాడే కట్టల్ల."

"తాడు కాలికి చెప్తాదంట, వినవే సుచీ."

"చెప్తాది," అంది సుచిత్ర కళ్ళు మూసుకొని తొక్కుతూ. "అన్న మాటే కరెక్టు."

నెల రోజులు వారానికి రెండుసార్లు హిందూపురం బస్సెక్కాను. ఆమె ఒక మిద్దె మీద గదిలో ఉంటుంది, తండ్రి హైదరాబాదులో ఉంటాడు. ఎడమకాలి చెక్కలకు బరువు పెంచాను, కుడివాటికి తగ్గించాను. ఒకరోజు ఆమె వరసగా పదకొండు మందిని ఓడించింది. ఒక్క దెబ్బ కూడా అనుకోకుండా పడలేదు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. పెనుకొండలో హైవే పక్కన ఒక కల్యాణమండపంలో ఆ ఆటకు పెద్ద పోటీ. నడిపేది బెంగుళూరు కంపెనీ. కంపెనీలు తయారుచేసిన పరికరాలతోనే ఆడాలని వాళ్ళ రూలు. నాలుగు నెలలు ఉత్తరాలు రాసి ఈమె ఒక మాట ఒప్పించింది. ఈసారికి సొంత పరికరంతో ఆడనిస్తారు. అది అందరి పరికరాలతో సమానమేనని తేలితే, ఇకమీద తమ పోటీలన్నింటిలో ఎవరి పరికరం వాళ్ళు తెచ్చుకోవచ్చని రూలు పుస్తకంలో రాస్తారు.

"నా అట్లాంటోళ్ళు ముప్పై ఏడు మంది కాసుకోని ఉండారు అన్నా. కదిరిలో పద్మావతి అని ఒగ టీచరుంది, మిషన్లో పడి వేళ్ళు పోయినాయి. నేను గెలిచేది ఓడేది తర్వాత. ఆ రూలు రాయించుకోని రావల్ల."

ఏప్రిల్ ఎండలో పెనుకొండ చేరాం. బయట మంట, లోపల ఏసీ చలి. చట్రం దించి బిగిస్తుండగా పోటీ నడిపే మేనేజరు హరికృష్ణ పరుగున వచ్చాడు.

"మేడం, మీరు వీరేష్ గారి అమ్మాయని మాకు చెప్పనేలేదే. నిన్న తెలిసింది. సార్‌కు ఫోన్ చేసినాం. దారిలో ఉన్నారు."

సుచిత్ర ముఖం బిగుసుకుంది.

"మీరు అందరితో పాటు లైన్లో ఆడేపనిలేదు. ఫైనల్ ముందు ప్రత్యేకంగా మీకొక ఆట. సార్ స్టేజి మీదికి వచ్చి ఆ చెయ్యి ఒక్కసారి..." అని, నేను చేసినట్టే చెయ్యి మడిచి వణికించాడు. నాకు వాడిని కొట్టాలనిపించింది. తర్వాత నా షెడ్డు గుర్తొచ్చి ఊరుకున్నాను.

"ప్రత్యేకం వద్దు. లైన్లోనే ఆడతా," అంది సుచిత్ర.

అంతలో వీరేష్ రానే వచ్చాడు. నల్లద్దాలు, తెల్ల చొక్కా. హాల్లో వందమంది చేతులు మడిచి వణికించారు. ఆయన చెయ్యి ఊపి, నేరుగా కూతురి దగ్గరకు వచ్చాడు.

"నీకు మంచిదే గదా అని వచ్చినా పాపా."

"నాయనా, నువ్వు స్టేజి ఎక్కితే ఇది నీ షో అయితాది. రేపు ఆ రూలు అడిగితే ఏమంటారు? వీరేష్ కూతురు కాబట్టి ఆరోజు ఆడనిచ్చినాము అంటారు. ముప్పై ఏడు మందికి నాయన యాడ దొరకల్ల, నీ అట్లాంటోడు?"

ఆయన అద్దాలు తీశాడు. దగ్గర్నుంచి చూస్తే ముసలివాడే. "అయితే పోదునా?"

"పోవద్దు. టికెట్టు కొనుక్కోని కూచో."

నిజంగానే కొనుక్కున్నాడు. మూడో వరసలో కూర్చున్నాడు.

సుచిత్ర మొదటి ఆట అనిల్ అనే కుర్రవాడితో. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని. మూడు రౌండ్లు, రెండు గెలిచినవాళ్ళది ఆట. మొదటి రౌండు మొదలైంది. ఆమె చెక్క తొక్కింది. తెర మీద బొమ్మ కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కింది. అప్పుడు పడింది దెబ్బ, ఆలస్యంగా. ఈలోపు అనిల్ బొమ్మ నాలుగు తగిలించింది. నిమిషంలో రౌండు పోయింది.

"వైరు ఏద్దామంటే విన్యావా?" అంది పావని నా చెవిలో.

తాడు పట్టుకొని చూశాను. సడలిపోయి ఉంది. అప్పుడర్థమైంది నేను చేసిన తప్పు. మగ్గం ఉండేది గుంతలో. గుంతలో నేల చెమ్మ ఉంటుంది, ఆ చెమ్మకు నూలుతాడు బిగుసుకొని ఉంటుంది. నా షెడ్డులో గుంతలున్నాయి. ఆమె గది పక్క నీళ్ళతొట్టి ఉంది. ఈ హాల్లో ఉదయం నుంచి ఏసీ గాలి తాళ్ళను పీల్చి పడేసింది. ఏసీలో మగ్గం బిగించినవాడెవడు, నాకు తెలియడానికి?

రౌండ్ల మధ్య రెండు నిమిషాలే. ముడులు విప్పి కట్టే సమయం లేదు.

పక్కన ఎవరో వంగి, "నేనేమన్నా చేయల్నా అప్పా?" అన్నారు. చూస్తే వీరేష్.

"నీళ్ళు తే సార్. బిరీన."

ఇరవై ఏళ్ళుగా కోట్లమందిని నవ్వించిన మనిషి మండపం వంటగది వైపు పరుగెత్తి, స్టీలు చెంబుతో వచ్చాడు. నేను అరచేత్తో తాళ్ళకు నీళ్ళు పట్టించాను, కిందినుంచి పైకి, స్విచ్చులకు అంటకుండా. ఆయన మోకాళ్ళ మీద కూర్చొని చెంబు పట్టుకున్నాడు. నాలుగు తాళ్ళూ నా చేతికింద ఒక్కొక్కటే బిగుసుకున్నాయి.

"తొక్కి చూడమ్మా."

తొక్కింది. స్విచ్చి టక్కుమంది.

"మాట్లాడతాండాది అన్నా," అంది సుచిత్ర.

రెండో రౌండు ఆమెది. మూడోదానిలో అనిల్ బొమ్మ ఎగిరిన ప్రతిసారీ కింద తన్ను కాసుకొని ఉంది. చెక్కలు తొక్కే చప్పుడు నేత చప్పుడులాగే ఉంది. ఆట ఆమెదైంది. జనం లేచి నిలబడ్డారు.

అనిల్ నేరుగా హరికృష్ణ దగ్గరికి పోయాడు.

"నేను ఒప్పుకోను సార్. చేతుల్తో ఆడేటోనికి రెండు బొటనవేళ్ళే. ఆయక్కకు రెండు కాళ్ళూ. అదీగాక మధ్యలో నీళ్ళు పోసినారు. చెక్ చేయండి దాన్ని."

"పోనీలే అనిల్," అన్నాడు హరికృష్ణ మెల్లగా. "వీరేష్ గారి అమ్మాయి గదా."

"ఎవరమ్మాయైతే నాకేమి? ఓడింది నేను."

నాకు కోపం వచ్చింది. సుచిత్ర ముఖం మాత్రం వెలిగిపోయింది.

"కరెక్టుగా చెప్పినాడు. ఈయనది కంప్లైంట్‌గా రాసుకోండి సార్. చెక్ చేయండి. పరికరం తప్పని తేలితే నన్ను తీసేయండి. ఒప్పని తేలితే అది కూడా రాయండి."

కంప్లైంట్ వచ్చాక మర్యాదకు చోటు లేదు. బెంగుళూరు నుంచి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు చట్రం చుట్టూ కూర్చున్నారు. చెక్క దిగడానికి ఎంత సమయం పడుతుందో కొలిచారు. మామూలు బటన్ కంటే ఎక్కువే పడుతుంది, అంటే రెండు కాళ్ళతో ఆడినా ఆమెకు లాభమేమీ లేదు. లోపల ఏదైనా మిషన్ దాచానా అని చూశారు. కొయ్య, తాడు, స్విచ్చి. "నీళ్ళు ఎందుకు పోశారు?" అని నన్నడిగారు. చెమ్మకు నూలు ఎలా బిగుస్తుందో చెప్పాను. తాడు వాళ్ళ చేతికిచ్చి తడిపి చూపించాను. వాళ్ళిద్దరూ చదువుకున్నవాళ్ళు, రాసుకున్నారు. నేను చెబితే ఇంజనీర్లు రాసుకోవడం చూడడానికి మా నాయన ఉండాల్సింది.

అరగంట తర్వాత కాగితం వచ్చింది. సొంతంగా తయారుచేసిన కాలి పరికరం, పరీక్షించబడింది, అనుమతించబడింది, ఇకపై అన్ని పోటీల్లో ఎవరి పరికరం వాళ్ళు తెచ్చుకోవచ్చు. ఆడినవారి పేరు దగ్గర హరికృష్ణ అలవాటుగా 'వీరేష్ గారి కుమార్తె' అని రాశాడు. సుచిత్ర కొట్టేయించి తన పేరు ఒక్కటే రాయించింది. తయారుచేసినవారు అన్నచోట నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను, పూర్తిగా, ఇంటిపేరుతో సహా.

ఆమె ఇంకొక ఆట గెలిచి, తర్వాతిదానిలో ఓడింది. ఓడిన సంగతి ఆమెకే పట్టలేదు. ఫోను చెవికి ఆనించుకొని పావని ముప్పై ఏడు మందికీ వరసగా చెబుతోంది.

బయట కారు దగ్గర కొంతమంది వీరేష్‌ను చుట్టుముట్టి, ఫోటోకు ఆ చెయ్యి ఒక్కసారి పెట్టమన్నారు. ఆయన ఖాళీ చెంబు ఇంకా చేతిలోనే పట్టుకొని ఉన్నాడు.

"ఈపొద్దు నీళ్ళు మోసేకి వచ్చినా అబ్బా," అన్నాడు. "ఇట్లనే తీసుకోండి."

చెంబుతోనే నిలబడ్డాడు. వాళ్ళు కొంచెం చిన్నబుచ్చుకొని తీసుకున్నారు.

నాలుగో రోజు కదిరి నుంచి పద్మావతి టీచరు నా షెడ్డుకు వచ్చింది. నేను బల్ల వేసి కూర్చోమన్నాను. చేతుల వైపు చూడలేదు, పాదాల కొలత తీసుకున్నాను.

"రెండు చెక్కలు చాలునా, మూడు కావల్నా మేడం?"

"మూడు. తాడుకు బదులు వైరు వేయమని పావని చెప్పమంది."

"ఆ పిల్ల అట్లనే అంటాది," అన్నాను. "నూలుతాడే. నీళ్ళ సీసా ఒగటి పక్కన పెట్టుకో."