ఎక్కడమే తప్ప దిగని రంగు

గిన్నెలో నీళ్లు మరగకూడదు. అంచుల వెంట సన్నటి బుడగలు లేస్తూ ఆవిరి తేలుతుంటే చాలు. ఈ సంగతి ఆ వంటింటి గోడలకు కూడా వంటబట్టింది గానీ, ఇంట్లో మనుషుల చెవికి మాత్రం ఎక్కలేదని బొమ్మలమ్మ ఎప్పుడో తేల్చేసుకుంది.

బొమ్మలమ్మ అన్నది వీధి పిల్లలు పెట్టిన పేరు. కాళ్లూ చేతులూ కదిలే యాక్షన్ బొమ్మల తలలూ మొండేలూ విడివిడిగా తెప్పించి, ఎవరి పోలిక కావాలంటే వాళ్ల పోలిక తెచ్చి ఇవ్వడం ఆమె పని. మొండెం గట్టి ప్లాస్టిక్. దాని చేతులు ఊడబెరికి, కావలసిన రంగువి తగిలించుకోవచ్చు. తలతోనే తంటా. అది మెత్తటి వినైల్, ఎప్పుడు తెప్పించినా ఒకటే పాలిపోయిన రంగు. పాలిస్టర్ బట్టలకు వేసే రంగుపొడి వేడినీళ్లలో కలిపి, తలను దారానికి కట్టి ముంచి, ఆపకుండా తిప్పుతుంటే కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. కావలసినంత పీల్చగానే తీసి చన్నీళ్లలో వేయాలి. ఆ రంగు ఎక్కడమే తప్ప దిగడం ఉండదు.

ఇప్పుడు దారానికి వేలాడుతున్న తల ఆమె ఆడపడుచు భర్తది. అగ్నిమాపక కేంద్రంలో పనిచేసి రేపు రిటైరవుతున్నాడాయన. వీడ్కోలు సభలో బల్ల మీద యూనిఫాం వేసుకున్న ఆయన బొమ్మ ఉండాలని ఆడపడుచు పట్టుబట్టింది. ఆ వంకీ ముక్కు, ఆ బండ గడ్డం ఉన్న తలలు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. ఊరంతా జల్లెడపడితే రెండే దొరికాయి. మొదటిదాన్ని అత్తగారు పొట్టన పెట్టుకుంది. “మూత పెట్టకపోతే ఎలా పడుతుందే రంగు?” అని మూత పెట్టి, మంట పెంచి, టీవీ ముందు కూర్చుంది. మూత తీసేసరికి అల్లుడుగారు వంకాయలా నిగనిగలాడుతున్నాడు.

మిగిలింది ఈ ఒక్కటే.

“ఏంటమ్మా ఈ రంగు? మా ఆయన్ని బొగ్గుల కొట్లోంచి లాక్కొచ్చినట్టుంది,” అంది ఆడపడుచు, స్టూలు మీద కూర్చుని మెడ సాచి.

“వదినా, ఇంకా సగం కూడా ఎక్కలేదు. అన్నయ్యగారి రంగు రావాలంటే ఇంకో రెండుసార్లు ముంచాలి.”

“రెండుసార్లా! ఆయన రంగు నీకు తెలుసా, నాకు తెలుసా? కాపురం చేసింది నేను.”

గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. “పెళ్లికి ముందు ‘అబ్బాయి మరీ నలుపమ్మా’ అని మూతి ముడుచుకున్నది ఎవరే?”

“నువ్వూరుకోవే అమ్మా! అప్పటికీ ఇప్పటికీ ఆయన రంగు తేలలేదూ?”

రంగు తేలాడనడానికి సాక్ష్యంగా ఫోను బయటికి వచ్చింది. ఫోటో తీస్తూనే ముఖాలు తెల్లబరిచే ఫోను అది. ఒక ఫోటోలో అన్నయ్యగారు గులాబీరంగులో ఉన్నాడు. ఇంకోదాంట్లో నున్నటి బుగ్గల మధ్య అంత ముక్కూ ఇగిరిపోయింది. ఆయన నిజంగా ఉన్న రంగులో ఉన్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు.

బొమ్మలమ్మకు ఓపిక నశించింది. పోనీ, మొగుడు ఆవిడగారి మొగుడు, రంగు ఆవిడగారి రంగు అనుకుని తలను చన్నీళ్లలో కడిగి, కిటికీ దగ్గర ఆరబెట్టి, బొమ్మ ప్యాంటుకు ఇస్త్రీ చేయడానికి ముందుగదిలోకి వెళ్లింది. వేలెడంత ప్యాంటు. మడత సరిగ్గా పడి చావలేదు. తిరిగి వచ్చేసరికి వంటిల్లంతా గోళ్లరంగు తుడిచే మందు వాసన కొడుతోంది.

ఆడపడుచు చేతిలో దూది. దూది గోధుమరంగులో ఉంది.

“కాస్త నుదురొక్కటీ తేల్చుదామని...” అంది, గొంతు తగ్గించి. “నువ్వు దాని కళ్లూ కనుబొమలూ తుడిచింది దీంతోనేగా!”

“అవి పైన పూసినవి వదినా! ఇది లోపలికి ఇంకింది!”

నుదుటి మీద మ్యాప్‌లో దీవుల్లా మచ్చలు. ఎడమ బుగ్గ ఇస్త్రీపెట్టె తగిలినట్టు జిగటగా మెరుస్తోంది. బొమ్మలమ్మ ఆ తలను అరచేతిలో పెట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

“పౌడరేస్తే కప్పబడిపోదూ?” అంది ఆడపడుచు.

“పోదు. ఇంకా ముదురుగా ముంచితేనే మచ్చలు కలుస్తాయి. ఎంత ముదురన్నది ఈసారి నీ ఫోను చెప్పదు, నువ్వూ చెప్పవు.” అని అన్నయ్యగారికే ఫోను చేసింది. “ఒకసారి వస్తారా? మీ తలతో పనిపడింది.”

“ఉన్నదొక్కటేనమ్మా, జాగ్రత్తగా వాడుకో,” అన్నాడాయన.

వస్తూనే అలవాటుకొద్దీ గ్యాసు గొట్టం వంగి చూశాడు. వాసనకు ముక్కు చిట్లించి, మందు సీసా పొయ్యికి దూరంగా పెట్టి, కిటికీ రెండో రెక్క కూడా తెరిచాడు. అప్పుడు ఇటు తిరిగాడు. ముఖం తెల్లగా, మెడ నల్లగా ఉంది.

“పౌడరు రాసుకున్నారా అన్నయ్యగారూ?”

“మీ వదిన మెసేజీ పెట్టింది, రాసుకుని రమ్మని. ఎందుకో నాకేం తెలుసు?”

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బొమ్మలమ్మ నవ్వలేదు. సబ్బు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కుదురుగా ముఖం కడుక్కొచ్చి, వెలుతురుకు ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తలను ఆయన చెంప పక్కన పెట్టి చూసి, గిన్నెలో ఇంకాస్త పొడి కలిపింది. దారం పట్టుకుని ముంచబోతుంటే ఆడపడుచు మణికట్టు పట్టేసుకుంది.

“వద్దమ్మా. ఇదీ పోతే ఇంకోటి లేదు. రేపు అంతమందీ చూస్తారు.”

“ఎవరే చూసేది?” అన్నాడాయన, గడ్డం పైకెత్తి పెట్టుకునే. “అందరూ రోజూ నన్ను చూసేవాళ్లేగా. బొమ్మలో నన్ను పోల్చుకోలేకపోతే నాకేగా సిగ్గు.”

ఆడపడుచు పట్టు సడలింది.

తల మునిగింది. బొమ్మలమ్మ తిప్పుతూ, తీస్తూ, ఆయన చెంప పక్కన పెట్టి చూస్తూ, మళ్లీ ముంచింది. దీవులు ఒక్కొక్కటే మునిగిపోయాయి. బుగ్గ మీద మెరుపు మిగిలింది గానీ, దాని సంగతి మెరుపు చంపే స్ప్రే చూసుకుంటుంది. చివరిసారి చన్నీళ్లలో కడిగి, తుడిచి, ఆయన ముఖం పక్కన ఎత్తి పట్టుకుంది.

ఆడపడుచు అటు చూసింది, ఇటు చూసింది. ఫోను తీయబోయి మానేసింది.

“అచ్చం ఇలాగే ఉన్నారే!” అంది నెమ్మదిగా. వెంటనే మొగుడి మీద పడింది. “ఎండలో టోపీ పెట్టుకోమంటే వింటారా మీరు!”

“పెట్టుకుంటాలే, ఎల్లుండి నుంచి ఖాళీయేగా,” అన్నాడాయన, కళ్లూ కనుబొమలూ లేని తన తలను వేలితో తడుముతూ.

బొమ్మలమ్మ దాన్ని లాక్కుని ముగ్గుర్నీ వంటింట్లోంచి బయటికి నడిపించి గడియ పెట్టింది. పొయ్యి ఆపింది. సన్న కుంచె తీసి, తెల్లరంగు మూత తిప్పింది.

“అమ్మాయ్,” అంటూ బయట తలుపు మీద ఆడపడుచు వేళ్లు తట్టాయి. “కళ్లు మాత్రం కాస్త పెద్దవి పెట్టమ్మా!”

బొమ్మలమ్మ మొదటి కన్ను ఆయనకు ఉన్నంతే వేసింది.