అమ్మ పాట ఉన్న డిస్కు

ఈ డిస్కుని తీసుకెళ్లి కొలిమిలో పడేయాలనిపించింది. ఈ ఉక్కు ప్లాంటు ఊళ్లో కొలిములకేం కొదవ లేదు కదా!

మళ్లీ అదే గోల. అమ్మ పాట రెండో చరణం దాకా వచ్చి, టక్కు టక్కుమని ఆగిపోయింది. డిస్కు చదవలేకపోతున్నానని తెర నిండా అక్షరాలు. చదవలేనిదానివి నా ప్రాణానికెందుకు దాపురించావే తల్లీ!

హాల్లో ఒక మూల పాత కంప్యూటర్ పెట్టి, దానికి బయటనుంచి తగిలించే డిస్కులు రెండు కలిపి, ఇంట్లోని ఫొటోలూ పాటలూ అన్నీ అందులో దాచాను. రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది. ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి, మొదటి డిస్కులోవి రెండోదానిలోకి కాపీ అయ్యే పని ఆ వేళకి పెట్టాను. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని నా తెలివి.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. తనే రాసి బాణీ కట్టుకుని, ఇంట్లో టేప్ రికార్డర్ ముందు కూర్చుని పాడిన పాట అది. క్యాసెట్ బూజు పట్టి, కంప్యూటర్లోకి ఎక్కించిన రోజే తెగిపోయింది. ఇక ఆమె గొంతు ఈ డిస్కుల్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. ఈ నెలాఖరు ఆదివారం జ్ఞాపకార్థ కూడికలో ఆ పాట వినిపిస్తామని నాన్న చర్చి అంతా చాటేశాడు.

నేను చెయ్యని వైద్యం లేదు. వైర్లు మార్చాను. అడాప్టర్లు మార్చాను. డిస్కులు అదురుతున్నాయేమోనని కింద దుప్పటి మడతేసి పెట్టాను. తప్పులు సరిచేసే ప్రోగ్రాం నడిపితే వారమంతా బుద్ధిగా ఉండేవి, సోమవారానికి మళ్లీ మొదటికొచ్చేవి. రెండో డిస్కు చివరికి పూర్తిగా చచ్చిపోయింది. ఏడుపొచ్చింది నాకు.

సుపేలా బజారులో కంప్యూటర్లు బాగుచేసే శ్యామసుందర్ దగ్గరికి పట్టుకెళ్లాను.

"దీదీ, ఇది ఖతమ్. నడుస్తుంటే కరెంటు పోతోందా ఏటి?"

"కరెంటు పోవడమేటి భయ్యా? మాది ప్లాంటు టౌన్‌షిప్!" అన్నాను రోషంగా.

నిజమే మరి. బయట కోహ్కాలో పోతుంది, జాముల్‌లో పోతుంది. ప్లాంటు వాళ్ల రుఆబాంధా క్వార్టర్లలో పుట్టి పెరిగిన మాకు క్రిస్మస్‌కి తప్ప కొవ్వొత్తితో పనే లేదు. కంప్యూటర్ ప్రతి ఆదివారం ఆగి మళ్లీ తనంతట తానే లేచినట్టు లోపల రాసి ఉన్నా, దాని పొగరే అనుకుని దాన్నే తిట్టాను గానీ కరెంటుని అనుమానించలేదు.

కూడికకి ముందు ఆదివారం సండే స్కూలు పిల్లలకని నేను ముందే చర్చికి బయల్దేరాను. ఎప్పుడూ అంతే. నాన్న వెనక వస్తాడు, ఆరాధన కాగానే నాకన్నా ముందు ఇల్లు చేరతాడు. ఆ రోజు పిల్లల పాటల పుస్తకాలు మర్చిపోయి దారిలోంచి వెనక్కొచ్చాను.

వరండాలో నాన్న మెయిన్ స్విచ్ కిందికి లాగి, దానికి ఎర్ర అట్టముక్క వేలాడదీస్తున్నాడు. నాన్న పనిచేసిన ప్లాంటులో ఎలక్ట్రికల్ వాళ్లు పనిలో దిగే ముందు, ఎవరూ స్విచ్ వెయ్యకూడదని కట్టే అట్ట. లోపల కంప్యూటర్ ఫ్యాను మూలుగుతూ ఆగిపోయింది.

"ఏటిది నాన్నా?"

"షట్‌డౌన్ తీసుకున్నానే. ఇల్లిడిసి ఎల్తన్నాం గదా," అన్నాడు నెమ్మదిగా. "ఎప్పుడూ చేసేదే. నీకు తెల్దేటి?"

నా ఒళ్లు మండిపోయింది. "అక్కడ డిస్కు నడుస్తోంది నాన్నా! సరిగ్గా కాపీ అవుతున్నప్పుడు పీక నొక్కేస్తున్నావు. అమ్మ పాటని చంపింది నువ్వే!"

వీధిలో వాళ్లకి కూడా వినపడి ఉంటుంది. నాన్న చెయ్యి స్విచ్ మీదే ఉండిపోయింది.

"నాను సంపినానా?" అన్నాడు.

ఆ రోజు ఇద్దరం చర్చికి వెళ్లలేదు. బతికున్న డిస్కుని నా లాప్‌టాప్‌కి తగిలించి, పాడైన చోట్లు దాటేసుకుంటూ మిగిలింది ఏరే ప్రోగ్రాం పెట్టాను. నాన్న అన్నం కూడా వద్దని పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. చేసిందంతా చేసి ఇప్పుడు ఇలా కూర్చుంటే ఎలా తిట్టేది?

సాయంత్రానికి పాట చేతికొచ్చింది. రెండో చరణం ఉన్నచోట గొయ్యి, వట్టి గరగర. ఆ తర్వాత మళ్లీ అమ్మ. పాట అయిపోయింది. ఎప్పుడూ అక్కడే ఆపేసేవాళ్లం. ఆ రోజు ఆపడానికి నాకు చేతులు రాలేదు. టేపు ఇంకా తిరుగుతూ ఉండగా అమ్మ ఎవరినో పిలుస్తోంది.

"ఏవండీ, మెయిన్ ఆపినారా? నాకు బయం. అది ఆపితే గాని నాను గుమ్మం దిగను."

నాన్న స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఆపినాను సుమతీ," అన్నాడు. "ఎప్పుడూ ఆపుతూనే ఉన్నాను."

పొద్దున నేనన్న మాట వెనక్కి తీసుకునే దారి తెలియక ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మరుసటి ఆదివారం పాటని ఆ గొయ్యితోనే పట్టుకుని చర్చికి బయల్దేరాం. నేను ముందు కంప్యూటర్ని పద్ధతిగా ఆపి, ఫ్యాను నిలిచేదాకా చూసి వరండాలోకి వచ్చాను. నాన్న ఎర్ర అట్ట వెనక్కి దాచుకుని, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"పద నాన్నా," అన్నాను. "ఇప్పుడు నువ్వు ఆపు."