రెండో పొట్లం

మార్చి పద్నాలుగు. ఆ రోజు అతను తిన్నవి: వెన్నలో వేయించిన బంగాళదుంపలు, ఆరు గుడ్ల అట్టు, పళ్ళెం నిండా అన్నం, అది అయ్యాక ఇంకో పళ్ళెం, చివర్లో మీగడ తేలుతున్న గ్లాసుడు పాలు. ఆపరేషన్ చేసి పొట్టని చిన్నది చేయకముందు కడుపారా తిన్న ఆఖరి భోజనం అది. ఎనిమిదేళ్ళయింది. పెళ్ళి తేదీ అడిగితే కాస్త తడుముకుంటాడు గానీ, ఈ తేదీ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

పొద్దున్నే స్నానాల గదిలో గోడకి ఆనుకుని నిలబడి, పొట్ట మీంచి తొడల దాకా వేలాడుతున్న చర్మాన్ని ఎడమ చేత్తో పైకెత్తి పట్టుకుని, దాని కింద తడి తుడుచుకుంటూ ఇవాళ కూడా ఆ తేదీనే తలుచుకున్నాడు. కొవ్వు కరిగిపోయింది, సంచి మిగిలింది. ఎంత కడిగినా మడతల్లోంచి పులిసిన గుడ్డ వాసన పోదు. తుడిచి, ఆరనిచ్చి, పౌడరు అద్ది, ఆ చర్మాన్ని మడిచి వెడల్పాటి బెల్టు కిందికి దోపుకోవాలి. రోజూ చేసే పనే. రోజూ అసహ్యమే. అద్దం మీద ఆవిరి పోయేలోగా బట్టలు వేసేసుకుంటాడు. ఆ అద్దం కాసేపైనా మసకగా ఉంటుంది కదా అని దానికి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాడు.

నగరంలోని చెత్తంతా వచ్చి పడే యార్డు గేటు దగ్గర లారీల కాటా అతని ఉద్యోగం. నిండు లారీ లోపలికి పోయేటప్పుడు ఒకసారి, చెత్త పారబోసి ఖాళీగా వచ్చేటప్పుడు ఇంకోసారి తూచి చీటీ ఇవ్వాలి. చుట్టూ అద్దాలున్న చిన్న గది, ఒక కుర్చీ, గోడకి ఫ్యాను. ఇదివరకు యార్డుకి ఒకటే కంపు ఉండేది. ఆపరేషన్ తర్వాత ముక్కు పదునెక్కింది. ఇప్పుడు లారీ మలుపు తిరగ్గానే దేని కంపు దానికి విడిపోతుంది. హోటళ్ళ వీధి లారీ అయితే మాడిన నూనె, చేపల బజారు లారీ అయితే పొలుసులూ పేగులూ. అన్నిటికంటే ఘోరం మగ్గిపోయిన పళ్ళ తీపి కంపు. అది గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది. లారీల అడుగునుంచి కారే నల్లటి రసం కాటా పలక మీద జిగటగా పరుచుకుని, ఎండ ఎక్కేకొద్దీ అట్ట కడుతుంది.

"కాటా బాబాయ్, నన్ను కూడా కలిపి తూచావా ఏంటి? పొద్దున్నే గట్టిగా లాగించేసి వచ్చా," అన్నాడు హోటళ్ళ లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి.

"నీ వెనకున్న సరుకుతో పోలిస్తే నువ్వెంతరా. నలకవి."

"ఒకప్పుడు నువ్వెక్కితే ఈ కాటా మూలిగేదట కదా."

"మూలిగేది. నీ లారీ ఎక్కితే ముక్కు మూసుకుంటోంది. పద పద, వెనక క్యూ కట్టారు."

డ్రైవరు నవ్వుకుంటూ వెళ్ళాడు. వాడికి తెలియదు గానీ అందులో కొంత నిజముంది. ఆసుపత్రి మెషీను చేతులెత్తేస్తే, ఆపరేషన్‌కి ముందు తన బరువు తను ఈ లారీల కాటా మీదే చూసుకున్నాడు. తెల్లవారకముందే, ఎవరూ లేనప్పుడు.

పదకొండు గంటలకి ఫోను మోగింది. ఇలాంటి ఫోన్లు అతనికి మామూలే. ఆపరేషన్ అయినవాళ్ళూ, చేయించుకోబోయేవాళ్ళూ నెలకోసారి ఆసుపత్రి నేలమాళిగలో కలుస్తారు. అక్కడ అతను పాతకాపు. అతని నంబరు అందరి దగ్గరా ఉంటుంది. ఈసారి ఫోన్ చేసింది లైబ్రరీలో పనిచేసే అమ్మాయి.

"అంకుల్, జుట్టు గుప్పెళ్ళతో ఊడొస్తోంది. బాత్రూం జాలీలో చూస్తే చచ్చిన ఎలకలా ఉంది."

"నీకిప్పుడు ఎన్నో నెల?"

"నాలుగు."

"సరిగ్గా అప్పుడే ఊడుతుంది. ఇంకొన్నాళ్ళు ఊడి ఆగిపోతుంది. నాకూ అంతే. గుడ్డు తెల్లసొన తింటున్నావా?"

"వాసనకే డోకొస్తోంది."

"వస్తుంది. చల్లారాక తిను, వాసన తక్కువుంటుంది. మరి బిళ్ళలు?"

"అవి గొంతులోనే ఇరుక్కుంటున్నాయి అంకుల్."

"ఆపేశావన్నమాట. చూడు తల్లీ, నేను చెప్పేది అనుభవం, వైద్యం కాదు. ఇవాళే డాక్టరమ్మకి ఫోన్ చేసి బిళ్ళలు ఆపానని చెప్పు. తిడుతుంది. తిట్టించుకో."

మధ్యాహ్నం అద్దాలకి వీపు పెట్టి కూర్చుని, మందు గిన్నెంత గిన్నెలోని మెత్తటి పప్పుని చిన్న చెంచాతో తిన్నాడు. ఒక్కో ముద్దా నమిలి నమిలి, రుచంతా పోయాక మింగాడు. తొందరపడితే నురగ కక్కుకోవాలి. డ్రైవర్లు చూస్తుండగా ఒకసారి అదీ అయింది. గిన్నె కడుగుతుండగా ఆసుపత్రి సిస్టర్ ఫోన్ చేసింది.

"బేకరీ మాస్టారు చేరాడండీ. రేపు పొద్దున్న మొదటి ఆపరేషన్ ఆయనదే. సాయంత్రం వచ్చి కాస్త ధైర్యం చెప్పి వెళ్ళండి."

బేకరీ మాస్టారు అతను ఆరు నెలలుగా చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న మనిషి. పడుకుంటే ఊపిరాడదు, కూర్చునే నిద్రపోతాడు. గుండె వాచింది, ఇలాగే ఉంటే ఇంకో ఏడాది కష్టమని గుండె డాక్టరు మొహం మీదే చెప్పాడు. షుగరు అదుపులో లేక ఇప్పటికే రెండు తేదీలు పోయాయి. ఇది మూడోది. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు పలచటి ద్రవాలే తాగాలి. అప్పుడే కాలేయం చిక్కి, పరికరాలకి దారిస్తుంది. ఆ ముందు రాత్రి కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో ఉన్నప్పుడు లోపలున్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఇవన్నీ అతను మాస్టారుకి ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ మాస్టారు బుద్ధిగా తలూపాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ స్నానం చేసి ఆసుపత్రికి బయల్దేరాడు. లిఫ్టు పక్క గోడ మీద అతని ఫోటోయే పోస్టరు వేశారు. తన పాత ప్యాంటు ఒక్క కాల్లోనే ఒళ్ళంతా దూర్చి నిలబడి, నడుం దగ్గర గుడ్డ లాగి చూపిస్తూ ఇకిలిస్తున్నాడు. ఆ నవ్వు చూస్తే అతనికే వెగటు పుడుతుంది. ఎప్పట్లాగే నేల చూస్తూ లిఫ్టెక్కాడు.

వరండా చివరి గది. మాస్టారు మంచం మీద దిళ్ళకి జారగిలబడి కూర్చున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య రెండు ఆసుపత్రి గౌన్లని అంచులు కలిపి చేత్తో కుడుతోంది. కుట్టు ఇంకా సగానికి కూడా రాలేదు.

"రా అన్నా, రా. నీకోసమే చూస్తున్నా," అన్నాడు మాస్టారు.

"ఏం కుడుతున్నావు చెల్లెమ్మా?"

"ఈయన సైజు లేదట అన్నయ్యా. ఒకటి వేస్తే వీపంతా బయటే. పదిమందీ చూసేచోట ఎట్లా? అందుకని రెండూ కలుపుతున్నా."

అతను గుమ్మం దాటాడో లేదో ఫినాయిలు వాసన అడుగునుంచి ఇంకేదో వచ్చి ముక్కుకి తగిలింది. వేయించిన మాంసం. వెన్న. పులవడానికి సిద్ధంగా ఉన్న క్రీము.

"పొట్లం ఏదీ?" అన్నాడు కూర్చోకుండానే.

"ఏ పొట్లం?"

"మాస్టారూ, నేను చెత్త తూచేవాణ్ణి. వాసన చూసి ఏ వీధిదో చెప్తా."

మాస్టారు దొరికిపోయిన పిల్లాడిలా నవ్వి, దిండు కింద చెయ్యి పెట్టి పొట్లం తీశాడు. "ఇదిగో, పట్టుకుపో. ముట్టుకోలేదు. పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందని పెట్టుకున్నా, అంతే."

కాగితమంతా నూనె. ఇంకా వెచ్చగా ఉంది. కట్టిన దారం కట్టినట్టే ఉంది. అతను దాన్ని చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. మరీ తేలిగ్గా ఇచ్చేశాడు.

ఎనిమిదేళ్ళ కిందట ఇలాంటి గదిలోనే, తనూ ఇలాగే నవ్వి ఒక పొట్లం తన భార్య చేతికిచ్చాడు. ఆమె తీసుకుంది గానీ వెళ్ళలేదు. "రెండోది ఎక్కడ?" అంది. ఇరవై ఏళ్ళు అతని చొక్కాలు ఉతికిన మనిషి. ఏ జేబులో ఏ జిడ్డుంటుందో ఆమెకి తెలుసు. దాచుకుని తినేవాళ్ళు ఎప్పుడూ రెండు దాస్తారు, ఒకటి ఇచ్చేయడానికి, ఒకటి తినడానికి. ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. ఆమె దిండు గలీబులోంచి రెండోది లాగి, బయట పారేసి వచ్చి, అతని మణికట్టు మీద చెయ్యేసి పక్కన కూర్చుంది. ఆమె పోయి ఇప్పటికి నాలుగేళ్ళు.

"రెండోది ఎక్కడ?" అన్నాడు అతను.

మాస్టారు మొహం మీద నవ్వు అలాగే ఉంది. స్టూలు దగ్గర సూది ఆగిపోయింది.

మాస్టారు భార్య కాళ్ళ దగ్గర గుడ్డ సంచి. అందులో డబ్బా. మూత తీశాడు. కొరికి వదిలిన ఎముకలు, వాటిమీద ఎండుతున్న క్రీము, పగిలిన కేకు ముక్కలు నూనెలో నాని, చేత్తో కలిపి తిన్నట్టు గోడల నిండా వేళ్ళ గీతలు. తీపీ ఉప్పూ ఒకే డబ్బాలో. నమిలేటంత వ్యవధి కూడా ఇచ్చుకోలేదు మనిషి. చేపల బజారు లారీ కింద నిలబడ్డా రానంత డోకొచ్చింది అతనికి. ఇది కనిపెట్టలేకపోయిన ఆసుపత్రి మీద, అడిగింది తెచ్చి పెట్టిన ఆ ఇల్లాలి మీద, ఆ వేళ్ళ గీతల్ని ఇట్టే పోల్చుకున్న తన మీద కూడా ఏవగింపు కలిగింది.

"బతిమాలాడన్నయ్యా," అంది ఆమె తల ఎత్తకుండా. "ఆఖరిసారన్నాడు. చంటిపిల్లాడిలా ఏడ్చాడు."

"ఈ రెండు వారాలూ?"

"రోజూ కాదు," అన్నాడు మాస్టారు. "రోజు విడిచి రోజు."

అతను మూత పెట్టాడు. "సిస్టర్‌కి నీ నోటితో నువ్వే చెప్పు. నేను పక్కనుంటా."

"చెప్తే తేదీ పోతుంది."

"చెప్పకపోతే నువ్వు పోతావు."

"పొద్దుటికి అరిగిపోతుందన్నా. కాళ్ళు పట్టుకుంటా, ఊరుకో." నిజంగానే వంగబోయాడు. పొట్ట అడ్డొచ్చి మధ్యలోనే ఆగిపోయాడు. ఆయాసం తీరేదాకా అలాగే ఉండి, గోడవైపు మొహం తిప్పుకున్నాడు. "చెత్త తూచుకునేవాడివి. నా కడుపు తూచడానికొచ్చావా? నీకేం, గట్టెక్కావు. పోస్టరు కూడా ఎక్కావు."

అతను కాసేపు ఎదురుచూశాడు. సూది మళ్ళీ కదలడం మొదలైంది. అతను చెయ్యి చాచి మంచం పక్కనున్న గంట నొక్కాడు.

సిస్టర్ వచ్చాక నాలుగు మాటల్లో చెప్పేశాడు. ఆమె డబ్బా మూత ఒకసారి తీసి చూసి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టింది. తిట్టలేదు, మొహం చిట్లించలేదు. వరండాలోకి వెళ్ళి, గొంతు తగ్గించి డాక్టరుతో మాట్లాడి వచ్చింది.

"రేపు లేదు మాస్టారూ. డాక్టరుగారు మళ్ళీ మొదట్నుంచీ చూద్దామన్నారు. ఇక్కడుండి ఏం చేస్తారు, ఇంటికి వెళ్ళండి. తేదీ సంగతి మాత్రం నేను చెప్పలేను."

మాస్టారు కాళ్ళు మంచం కిందికి దించాడు. చొక్కా తొడుక్కోవడానికే చాలాసేపు పట్టింది. ఒక్కో చెయ్యి దూర్చి ఆగి, ఊపిరి పీల్చుకుంటున్నాడు. భార్య తల ఎత్తకుండా ఇంకా కుడుతూనే ఉంది. ఆమెకి ఏమీ తోచక చేతులాడిస్తోందనుకున్నాడు అతను. మోకాళ్ళ మీద కూర్చుని, మంచం కిందనుంచి చెప్పులు లాగి, వాచి నిగనిగలాడుతున్న పాదాలకి ఒక్కొక్కటే తొడిగాడు. మాస్టారు పాదాలు వెనక్కి తీసుకోలేదు. అదే చాలనుకున్నాడు.

"ఫోన్ చెయ్యి," అన్నాడు లేస్తూ. "తిట్టడానికైనా సరే."

మాస్టారు మంచం పట్టుకుని లేచాడు. తలుపు ఎంత వెడల్పుగా ఉన్నా అలవాటు కొద్దీ ఒక భుజం ముందు పెట్టి, పక్కకి తిరిగి గుమ్మం దాటాడు. భార్య సంచి భుజాన వేసుకుని వెనకాలే వెళ్ళింది. ఆమె కూడా అతనివైపు చూడలేదు. మూడో తేదీ పోగొట్టుకున్నవాళ్ళు మళ్ళీ రావడం అతను ఈ ఎనిమిదేళ్ళలో చూడలేదు.

పొట్లాన్నీ డబ్బానీ వరండా చివర చెత్తబుట్టలో పడేశాడు. చేతులు సబ్బుతో కడిగాడు, మళ్ళీ కడిగాడు. వెన్న వాసన గోళ్ళ కింద ఉండిపోయింది.

"వెళ్ళేటప్పుడు ఆ గది లైటు తీసి తలుపు వేసెయ్యండి," అంది సిస్టర్ బల్ల దగ్గర్నుంచి. "రాత్రికి ఇంకెవరూ రారు."

దుప్పటి మీద మాస్టారు కూర్చున్నచోట పడిన గుంట ఇంకా లేవలేదు. దిండు మీద గౌను మడత పెట్టి ఉంది. సగం కుట్టి వదిలేసి ఉంటుందని, ఎవరికైనా గుచ్చుకుంటుందేమోనని, సూది కోసం మడత విప్పి చూశాడు. సూది లేదు. కుట్టు పైనుంచి కింది అంచు దాకా పూర్తయి ఉంది. చివర ముడి వేసి, దారం పంటితో తెంపి ఉంది. పై సగంలో కుట్లు పొడుగ్గా, తొందరగా పడ్డాయి. కిందికి వచ్చేకొద్దీ, రేపు లేదని సిస్టర్ చెప్పాక కుట్టినచోట, చిన్నవై దగ్గర దగ్గరగా ఉన్నాయి.

ఎలా ఉందో అలాగే మడిచి దిండు మీద పెట్టాడు. లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా లాగాడు. తలుపు పూర్తిగా మూసుకునేదాకా, వరండా వెలుతురు సన్నటి గీతై ఆ గౌను మడత మీదే ఉంది.