చేతులు వెనక్కి పెట్టుకునే మనిషి

మా చెల్లి విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. జబ్బు చేసి లేచినవాళ్లకి తమ పనులు తాము చేసుకోవడం మళ్లీ నేర్పే చదువొకటుంది, దాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. పళ్లు తోముకోవడం, చొక్కా తొడుక్కోవడం, గిన్నె కడుక్కోవడం, అన్నీ అందులో పాఠాలే. ఈమాత్రం దానికి విశ్వవిద్యాలయం ఎందుకే అని నేను చాలా ఏళ్లు దాన్ని ఆటపట్టించాను. నా కుడిచెయ్యి పడిపోయాక నోరు మూసుకున్నాను.

నేను కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైనదాన్ని. పెళ్లి చేసుకోవడానికి తీరిక దొరకలేదు. అమ్మ పోయేనాటికి చెల్లి ఇంకా కింది గుండీ తీసుకెళ్లి పై కాజాలో దూర్చే వయసులో ఉంది. దాని జడ, దాని గోళ్లు, దాని బూట్ల తాళ్లు అన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి. అందుకే ఆస్పత్రి నుంచి నన్ను నేరుగా తన ఇంటికి తీసుకెళ్తానని అది అన్నప్పుడు, పక్షవాతం వచ్చినందుకు లోలోపల కాస్త సంతోషించాను. పిచ్చిది అనుకుంటారేమో. అనుకోండి.

చెల్లిదీ ఒంటి బతుకే. పెళ్లి చేసుకుంది, పొసగలేదు, బయటికొచ్చేసింది. ఇద్దరం ఒంటరివాళ్లం ఒక చోట చేరితే ఒంటరితనం సగం అవుతుందని నా లెక్క. నేను టైపిస్టుని గానీ లెక్కల్లో ఎప్పుడూ దిట్టని కాను.

మొదటి రోజు పొద్దున్న మంచం అంచున కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీలతో కుస్తీ పడుతున్నాను. చెల్లి వచ్చి ఎదురుగా నిలబడింది. ఇంక పెట్టేస్తుందిలే అని గడ్డం పైకెత్తాను, చిన్నప్పుడు అది ఎత్తినట్టే. అది రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. అలాగే నిలబడి చూసింది.

అది వాళ్ల పద్ధతట. అవస్థ పడేవాళ్లని చూస్తే సాయం చెయ్యాలని చేతులు దురద పెడతాయి, చేసేస్తే ఆ మనిషి ఎప్పటికీ నేర్చుకోడు, కాబట్టి చేతులు వెనక్కి పెట్టుకుని ఓపిక పట్టాలి. విద్యార్థులకి అది మొదట నేర్పేది ఇదేనట. వాళ్లు చాటుగా దాన్ని 'చేతుల మేడం' అంటారని ఒకసారి అదే నవ్వుతూ చెప్పింది.

పద్ధతి మంచిదే, కాదనను. దాని పుణ్యాన మేకులు దిగ్గొట్టిన చెక్క మీద కూరగాయ గుచ్చి ఒంటిచేత్తో తరగడం వచ్చింది. స్నానం వచ్చింది, తాళం తియ్యడం వచ్చింది. కానీ అది నన్ను ముట్టుకునేది కొలవడానికే. మోచెయ్యి ఎంత వంగుతోంది, వేళ్లు ఎంత తెరుచుకుంటున్నాయి, అంతే. పొద్దున్నే వెళ్లిపోయేది. పగలంతా నేను, ఫ్రిజ్ గురక, కిటికీ కింద బండ్లు నిలిపే జాగా. సాయంత్రం రాగానే "ఇవాళ గుండీలు ఎంతవరకొచ్చాయి?" అని అడిగేది. ఎలా ఉన్నావని అడిగితే ఏం చెప్పాలో రోజంతా ఆలోచించి పెట్టుకునేదాన్ని. ఆ మాటలు అలాగే మిగిలిపోయేవి.

ఒకరోజు భోజనాల దగ్గర, బహుమతి ఇస్తున్నట్టు చెప్పింది.

"ఆ గుండీలొక్కటి వచ్చేస్తే చాలక్కా, నీ ఇంటికి నువ్వు వెళ్లిపోవచ్చు. ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు."

నా ఇల్లు మూడో అంతస్తులో ఒంటిగది. అక్కడ ఫ్రిజ్ కూడా లేదు గురక పెట్టడానికి. ఆ క్షణమే నిర్ణయించుకున్నాను, నాకు గుండీలు రావు.

నిజానికి వచ్చేశాయి. చెక్కపిడికి తీగ బిగించిన చిన్న కొక్కెం ఒకటి ఇచ్చింది చెల్లి. కాజాలోంచి దూర్చి, గుండీకి తగిలించి, ఇవతలికి లాగాలి. పగలు వేరే పనేముంది? పెట్టడం, తియ్యడం, మళ్లీ పెట్టడం. అద్దం చూడకుండా కూడా వచ్చేసింది. సాయంత్రం చెల్లి ఎదుట మాత్రం కొక్కెం జారిపోయేది. కోర్టులో అంతమంది అబద్ధాలు టైపు కొట్టినదాన్ని, నా వంతుకి ఒకటి ఆడలేనా?

తప్పు తన పద్ధతిలోనే ఉందని చెల్లి అనుకుంది. కొత్త కొక్కేలు తెచ్చింది, లావు పిడివి, వంపు పిడివి. చేతులు వెనక్కి పెట్టుకుని చూసేది, ముఖం వాడిపోయేది. దానికి మనసులో క్షమాపణలు చెప్పుకుంటూనే మళ్లీ జారవిడిచేదాన్ని.

చివరికి నన్ను తన క్లాసుకి రమ్మంది. ఎక్కడ తప్పుతోందో విద్యార్థులతో కలిసి చూస్తానంది. కాదనడానికి కారణం దొరకలేదు.

వాళ్ల డిపార్టుమెంటు నడవాలో అద్దాల పలక మీద అధ్యాపకుల ఫొటోలున్నాయి. ఒక్కో ఫొటో కింద వాళ్ల బోధన, పరిశోధనాసక్తులు. ఒకాయనకి పిల్లల చేతిరాత మీద ఆసక్తి. ఇంకొకావిడకి ముసలివాళ్ల నిద్ర మీద. ఆసక్తి అంటే పాటలు, పేకాట అనుకునేదాన్ని, వీళ్లకి ఎదుటివాళ్ల అవస్థల మీదట. చెల్లి ఫొటో కింద ఇలా ఉంది: ఒంటిచేత్తో దుస్తులు ధరించడం, పక్షవాతం తర్వాత ఒంటరిగా జీవించడం. ఆ రెండో ముక్క దగ్గర కాసేపు నిలబడిపోయాను.

క్లాసు జరిగేది మామూలు గదిలో కాదు. అభ్యాసం కోసం ఒక ఇల్లే కట్టి పెట్టారు. మంచం, పొయ్యి, బట్టల బీరువా, కర్టెన్లు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఎవరూ పడుకోని మంచం, ఎవరూ తినని బల్ల. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. మా చెల్లి ఇల్లు అచ్చం ఇలాగే ఉంటుంది.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెల్లి పాఠం మొదలెట్టింది. రోగి దగ్గరికి వెళ్లగానే ముందు ఏం చేస్తారని అడిగింది. బలం చూస్తామన్నారొకరు, కీళ్లు కొలుస్తామన్నారొకరు. చెల్లి తల అడ్డంగా ఊపింది.

"ముందు అడగాలి. మీకు ఏం చేసుకోవాలని ఉంది అని అడగాలి. మనం ముఖ్యమనుకున్నది వాళ్లకి ముఖ్యం కాకపోవచ్చు. అడక్కుండా గుండీ ముట్టుకోవద్దు."

పిల్లలందరూ రాసుకున్నారు. నేను చెల్లి ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. దీపం కింద చీకటి అంటే ఇదే. నన్ను అది ఎప్పుడూ అడగలేదు. అక్క గురించి కొత్తగా అడగాల్సిందేముంది, అన్నీ తెలుసుననుకుంది.

తర్వాత నా చేతికి కొక్కెం ఇచ్చి ఎదురుగా నిలబడింది. ఈవిడ మా అక్క, నా పద్ధతి ఈవిడ దగ్గర పనిచెయ్యలేదు, ఎందుకో గమనించండి అని దాపరికం లేకుండా చెప్పింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

నేను అలవాటుగా కొక్కెం జారవిడిచాను. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చెల్లి వెనకున్న బీరువా అద్దంలో దాని చేతులు కనిపించాయి. ఇన్నాళ్లూ దాని ముఖమే చూశాను, వీపు వెనక ఏం జరుగుతోందో చూడలేదు. ఆ చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, విడిపించుకోవాలని పెనుగులాడుతున్నాయి. వేళ్లు తెల్లబడిపోయాయి. నేను గోళ్లు తీసిన వేళ్లు అవి.

అంతమందిలో అది ఓడిపోతుంటే చూడలేకపోయాను. కొక్కెం అందుకున్నాను, కింది నుంచి పైదాకా చకచకా పెట్టేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చెల్లి కొట్టలేదు. ఆ ఒక్క నిమిషంలో నేర్చుకున్న చెయ్యి కాదని దానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చాలాసేపటికి అడిగింది, గుండీలు ఎప్పట్నుంచి వచ్చని. కొన్నాళ్లైందన్నాను. ఎందుకు దాచావని అడుగుతుందేమోనని దిగేదాకా ఎదురుచూశాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తన దగ్గర ఉండిపోవాలని కాదు, తన దగ్గర నేర్చుకోవడం ఇష్టంలేక నటించానని అనుకుందేమో. నేనైనా నోరు విప్పచ్చు. మా ఇద్దరికీ అభిమానం మాత్రం ఒకే కొలత.

ఆదివారం ట్యాక్సీ పిలిచింది. నా బట్టలన్నీ అదే సర్దింది, కొక్కేలన్నీ ఒక సంచిలో వేసింది. డ్రైవరు పెట్టె తీసుకెళ్లి బండిలో పెట్టాడు. నేను గుమ్మం దగ్గర కోటు తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాను. చెల్లి ఎదురుగా నిలబడింది, చేతులు వెనక్కి.

"బాగా పెట్టుకున్నావక్కా," అంది. కిందికి చూస్తూ, "నిన్నొకటి అడగాలి. మొదటి రోజే అడగాల్సింది. నీకేం చేసుకోవాలని ఉంది?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేనూ దాన్ని ఏదీ అడిగినదాన్ని కాను.

"గుండీలు నేర్పావు, తరగడం నేర్పావు," అన్నాను. "ఒక్కదాన్నే ఉండటం రావట్లేదే నాకు. అది కూడా నేర్పి పంపించు."

కింద డ్రైవరు హారన్ కొట్టాడు. చెల్లి తలెత్తలేదు.

"అది నాకూ రాదక్కా."

మెట్లు దిగి వెళ్లింది. ట్యాక్సీ వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. పెట్టెని రెండు చేతులతో మోసుకుంటూ, ఆయాసపడుతూ పైకొచ్చింది. నేను కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకోవడానికి వంగాను. అది పెట్టె దించి, అలవాటు చొప్పున ఎదురుగా నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చూస్తూ నిలబడకు," అన్నాను. "విప్పు."

నేల మీద కూర్చుని విప్పింది. ఒంటిచేత్తో నేను వేసుకున్న ముడి, చాలాసేపే పట్టింది.