పిలవని పేరు

భూషణం వరండా బల్లను తడిగుడ్డతో రెండోసారి తుడిచాడు. బందరు కోర్టులో ముప్పయ్యొక్క ఏళ్ళుగా కేసుల పేర్లు పిలిచే బంట్రోతు అతను. గొంతు ఇంకా కంచులా ఉంది, మోకాళ్ళే మొరాయిస్తున్నాయి. సాయంత్రానికి రిటైరవుతాడు.

బల్ల చివర ఎనిమిదేళ్ళ కుసుమ కూర్చుంది. పెడనలో ఉండే తల్లి ఒక స్తంభం దగ్గర, నందివాడ నుంచి వచ్చిన తండ్రి ఇంకో స్తంభం దగ్గర నిలబడ్డారు. ఎవరి దగ్గర ఉంటావని ఈవేళ పిల్లనే అడుగుతారు, నిండు హాల్లో, ఇద్దరి ఎదుటా.

రెండేళ్ళ క్రితం గుడివాడ బస్టాండులో ఒక కండక్టరు భూషణాన్ని గుర్తుపట్టాడు. పేరు భానుప్రకాష్. చిన్నప్పుడు ఇలాంటి కేసులోనే వచ్చాడట.

"దొంగల్ని పిలిచిన గొంతుతోనే నన్నూ మూడుసార్లు పిలిచారు బాబాయ్ గారూ. తప్పు నేనే చేశాననుకున్నా. ఇప్పటికీ ఎవరన్నా గట్టిగా పేరెత్తితే కాళ్ళు వణుకుతాయి," అని నవ్వి, టీ ఇప్పించాడు.

కోప్పడలేదు. ఆ దయకు భూషణం ఇప్పటికీ లోలోపల దణ్ణం పెట్టుకుంటాడు. ఆనాటి నుంచి పిల్లల పేర్లు ఎలుగెత్తి పిలవలేదు. దగ్గరికెళ్ళి చెప్పేవాడు.

"మూడు పేర్లూ పిలవండి భూషణం గారూ. ఆఖరి రోజున బద్ధకమా?" గుమస్తా కాంతారావు ఎగతాళి చేశాడు.

భూషణం తల్లిదండ్రులను మాత్రం పిలిచి ఊరుకున్నాడు.

"పాపని పిలిచారా?" జడ్జి గారు అడిగారు.

ఇన్నేళ్ళలో ఏ జడ్జి ముందూ తనను అడగని మాట అతను చెప్పలేదు. కంచు గొంతు సన్నబడింది.

"లేదండి. బెదురుతుందండి. తమ గదిలో ఒక్కదాన్నే అడిగితే..."

కాంతారావు కలం ఆగింది. జడ్జమ్మ గారు కళ్ళద్దాలు తీసి భూషణం వైపు చూశారు. లేచి తన గదిలోకి నడుస్తూ, "తీసుకురండి. ఇకముందు పిల్లలందర్నీ నా గదికే," అన్నారు.

భూషణం మోకాళ్ళు పట్టుకుని కుసుమ దగ్గర వంగాడు. "జడ్జమ్మ గారు నీతో మాట్లాడతారట, రా తల్లీ."

"తిడతారా?"

"నువ్వేం చేశావని?"

అరగంటకు బయటికొచ్చింది. "ఎవరు కావాలని అడగలేదు తాతా. బళ్ళో ఏం ఆటలాడతామని అడిగారు."

తండ్రి సంచిలోంచి జామకాయలు తీశాడు. తల్లి వద్దనలేదు.

"ఉప్పూ కారం తేలేదా?" కుసుమ దబాయించింది.

సాయంత్రం భూషణం నడుముకు కట్టిన ఇత్తడి బిళ్ళ పటకా విప్పి అప్పగించి, చడీచప్పుడు లేకుండా గేటు దాటాడు.

వరండా పిట్టగోడ మీద, చిన్న చిన్న పళ్ళగాట్లతో, సగం తిన్న జామకాయ ఉంది.