అత్తగారు పుచ్చుకునే అలసట

ఆ ఆసుపత్రిలో డ్యూటీ దిగినవాళ్ళెవరూ నేరుగా ఇంటికి పోరు. ముందు స్ట్రెచర్ల గది దగ్గర ఆగి, అక్కడి పెద్దావిడకి తమ అలసట ఇచ్చి పోతారు. నర్సులు కాళ్ళు చాపుతారు, వంటవాళ్ళు భుజం వంచుతారు. ఆవిడ అరచేయి ఆనించి, "అయిపోయింది, ఇక పో" అంటుంది. ఎంతమందిది పుచ్చుకుంటే ఆవిడకి అంత హుషారు. అరవై దాటినా, ఆవిడ స్ట్రెచరు తోస్తుంటే వెనకవాళ్ళు పరుగెత్తాల్సిందే.

పై అంతస్తు ల్యాబులో పనిచేసే ఆవిడ కోడలికి అత్తగారంటే వల్లమాలిన గర్వం.

"గుండె కూడా మీలాంటిదే అత్తయ్యా," అంది ఒకసారి భోజనాల దగ్గర. "కాళ్ళూ చేతులూ అలిసిపోయి వదిలేసినదాన్ని కూడా మండించి వాడుకుంటుంది. దాని కండరం నిండా కంటికి కనబడని పొయ్యిలు. మైటోకాండ్రియా అంటాం. అవి తల్లి దగ్గర నుంచే వస్తాయి, తండ్రి నుంచి రావు."

"అయితే నాది ముందుకు పోదన్నమాట. ఉన్నది ఒక్క కొడుకు. వాడికి వచ్చినట్టే లేదు, వచ్చినా వాడితోనే ఆఖరు," అని అత్తగారు నవ్వేసింది.

ఓ మధ్యాహ్నం లిఫ్టు నడిపే బాబాయి గుండెలోంచి తీసిన నలుసంత ముక్క ఐసులో ల్యాబుకి వచ్చింది. అది ఆక్సిజన్ వాడుకుంటే కండరంలో సత్తువ మిగిలినట్టే, ఆపరేషన్ చేస్తారు. లేకపోతే లేదు. కోడలు దాన్ని గాజు గొట్టంలో వేసి మూత బిగించింది. ముక్క ఆక్సిజన్ వాడుకునేకొద్దీ తెరమీద గీత కిందికి దిగాలి. పావుగంటైనా కదల్లేదు. లెక్క తప్పించే గాలిబుడగేమైనా మూత కింద ఉందా అని చూసింది, లేదు. ఇరవై ఏళ్ళుగా రోజూ నవ్వుతూ తలుపు తీసే మనిషి. ఏడుపు ముంచుకొచ్చి అత్తగారికి ఫోను చేసింది.

ఆవిడ వచ్చి గొట్టం మీద చెయ్యి వేసింది. "చావలేదే పిల్లా, అలిసిపోయింది."

గీత మెల్లగా జారింది, తర్వాత చకచకా దిగింది. కోడలు ఫలితం పట్టుకుని సర్జన్ దగ్గరికి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు స్టూలు మీద కూలబడి ఉంది. ఆవిడ అలా ఉండగా కోడలు ఎన్నడూ చూడలేదు.

"అందరిదీ మోశాను గానీ, గుండెది మోయలేకపోయానే. పుట్టినప్పట్నుంచీ కూర్చున్న పాపాన పోలేదుగా అది. కింద బాబాయిని థియేటరుకి తీసుకెళ్ళాలి, కాళ్ళు రావడం లేదు."

కోడలికి భయమేసింది. ఏం చేయాలో తోచక అత్తగారి పాదాలు ఒళ్ళోకి తీసుకుని నిమిరింది. అరచేతుల్లోంచి తన మోకాళ్ళ దాకా వెచ్చగా ఏదో పాకింది. కూర్చోలేక లేచి నిలబడింది.

అత్తగారు కాళ్ళు కదిపి చూసుకుంది. "తల్లి దగ్గర నుంచే వస్తుందన్నావు కదే?"

"అక్కణ్ణుంచే వచ్చింది," అని కోడలు మెట్లు రెండేసి దిగుతూ వెళ్ళిపోయింది. స్ట్రెచరు వెనక సర్జన్ పరుగెత్తాడు.

మూడు నెలలకి బాబాయి మళ్ళీ లిఫ్టులో కూర్చున్నాడు. మొదటిరోజు డ్యూటీ దిగి స్ట్రెచర్ల గదికొస్తే అత్తాకోడళ్ళిద్దరూ ఉన్నారు.

"ఎవరికివ్వమంటారమ్మా?"

"దానికివ్వు," అంది అత్తగారు. "నీ తర్వాత నేనూ ఇస్తా."